రెండు వేళ్ల ఖాళీ

ఆక్సిజన్ గొట్టాలు బిగించే మనిషి కొత్త ఆసుపత్రి రెండో అంతస్తు గోడకు కప్పిన బోర్డు ఒకటి ఊడదీసి, తన గొట్టం ఎటు పోవాలో చూసుకుని, టీ తాగడానికి వెళ్లాడు. బోర్డు పక్క గోడకు చేరగిలబడి ఉంది. తెరిచిన గోడ ఎక్కడ కనిపించినా లోపలికి ఓసారి తొంగిచూడటం ఉక్కు అతుకులు పరీక్షించే ఇన్‌స్పెక్టర్ అమ్మాయికి అలవాటు. జేబులోంచి టార్చి తీసి వెలుతురు వేసింది.

లోపల స్తంభమూ దూలమూ కలిసే మూల. ఆ మూలకు అతికిన మందపాటి ఉక్కు పలక. కింది నుంచి ఏటవాలుగా ఎక్కివచ్చిన ఉక్కు కమ్మీ, బ్రేసు, ఆ పలక మీదికి వచ్చి ఆగింది. అక్కడిదాకా అంతా డ్రాయింగులో ఉన్నట్టే ఉంది. బ్రేసు ఆగిన చోటికీ మూలకూ నడుమ మాత్రం రెండు వేళ్ల వెడల్పున పలక వట్టిగా ఉండాలి. అక్కడ పలకకు అటొకటి ఇటొకటి ఉక్కు ముక్కలు నిలబెట్టి అతికారు. పైన ఎర్రరంగు కూడా పూసి, చూసేవాళ్లకు పుట్టుకతో ఉన్నవే అనిపించేలా చేశారు.

ఆమె చెయ్యి లోపలికి పెట్టి ఆ అతుకును వేలితో తడిమింది. సన్నని అలలు, ఒకదాని మీద ఒకటి, ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. చేతిరాత గుర్తుపట్టినట్టు గుర్తుపట్టింది. అది మామయ్య అతుకు.

సైట్లో ఆయన్ని సున్నా మేస్త్రి అంటారు. పంతొమ్మిదేళ్లలో ఆయన వేసిన అతుకుల్లో తిరగ్గొట్టినవి సున్నా అని ఆ పేరు. ఈ ఆసుపత్రి కొత్త బ్లాకులో ఉక్కు అతుకులన్నిటికీ ఆయనే పెద్ద. వాటిని పరీక్షించి సంతకం పెట్టాల్సిన ఇంజినీరు ఆయన మేనకోడలు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. చుట్టరికం సంగతి ఉద్యోగంలో చేరిన రోజే ఆఫీసులో చెప్పింది. మేనేజరు నవ్వాడు. "ఆయన పనికి వంక పెట్టాలంటే చుట్టం కాదు కదా శత్రువు వల్ల కూడా కాదమ్మా, వెళ్లి పని చూసుకో" అన్నాడు.

భూమి ఊగినప్పుడు ఉక్కు ఫ్రేము పక్కకు ఒరిగిపోకుండా పట్టుకునేవి ఈ బ్రేసులే. ఒక ఊపుకు బ్రేసు లాగబడుతుంది, మరు ఊపుకు నొక్కుకుపోయి నడుములో పక్కకు వంగుతుంది. అది వంగిన ప్రతిసారీ దాని చివరనున్న పలక, ఆ రెండు వేళ్ల పట్టీ దగ్గర, పుస్తకం అట్టలా మడత పడాలి. మడత పడితే ఇనుము నలుగుతుంది గానీ చిరగదు. ఆ నలుగుడులోనే భూకంపం బలం చాలావరకు ఖర్చయిపోతుంది. మడత పడే చోటు బిగిసిపోతే బ్రేసుకు వేరే దారి లేదు. అతుకు దగ్గర పటుక్కున తెగుతుంది. ఒకటి తెగితే దాని బరువు పక్కదాని మీద పడుతుంది.

ఇదంతా ఆమెకు కంఠతా వచ్చు. పది నెలల కిందట, మొదటి మూల బిగించిన రోజు, చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు.

ఆ రోజు మామయ్య చెవి మీది సుద్దముక్క తీసి ఆ వట్టి పట్టీ చుట్టూ గీత గీశాడు. "ఇంజినీరమ్మా, ఇదేమిటి ఇక్కడ వదిలేశారు? బ్రేసు పొట్టిదైపోయినట్టుందే" అన్నాడు. వెనకాల ఆరుగురు పనివాళ్లు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆమెకు ఆరేళ్లప్పుడు మట్టపుబద్దలో నీటిబుడగను చూపించి, బుడగ మధ్యలో ఆగితే లోకం తిన్నగా ఉన్నట్టు అని చెప్పిన మనిషి ఈయన. ఆ ఆరుగురి ముందు ఆయనకు పాఠం చెప్పడానికి ఆమెకు మొహం చెల్లలేదు. చూపు పక్కకు తిప్పుకుని, "డ్రాయింగులో అంతే ఉంది మేస్త్రీ" అంది. ఇంటి దగ్గర తీరిగ్గా చెబుదామనుకుంది. ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లింది కూడా. అత్త కంచం ముందు కూర్చోబెట్టింది, మాటలు ఎటో వెళ్లిపోయాయి. ఆ పట్టీ మీద ఏ అతుకూ వేయరాదని డ్రాయింగు అంచున చిన్నక్షరాల్లో పద్నాలుగో వరసలో రాసి ఉంది. మామయ్య బొమ్మ చూస్తాడు, అంకెలు చూస్తాడు. అంచుల్లో ఉన్నది చదివే అలవాటు ఆయనకు లేదు.

టార్చి ఆర్పి మెట్లు దిగింది. ఆయన కింద మెట్ల కమ్మీ అతుకుతున్నాడు.

"మామయ్యా."

ఆయన మొహం మీది ముసుగు పైకెత్తాడు. "సైట్లో మామయ్య ఏమిటే? మేస్త్రీ అని, మీరు అని పిలవాలని రూలు పెట్టింది నువ్వే కదా."

"రెండో అంతస్తు మూలలో ముక్కలు వేసింది నువ్వేనా?"

మామయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. మొహంలో దొంగ నవ్వొకటి వచ్చింది. "దొరికిపోయానా? పని ఎలా ఉంది చెప్పు ముందు."

"ఆ ఒక్కటేనా, ఇంకా వేశావా?"

"ఒక్కటి వేస్తే పక్కది ఊరుకుంటుందా? అన్నిటికీ వేశాను. అరవై నాలుగు. రోజుకు రెండు, భోజనాల టైములో. మనవాళ్లకు కూడా తెలియదు, రంగు పోయినచోట పూస్తున్నాననుకున్నారు. మీ అత్త కట్టిచ్చిన డబ్బా మూత తియ్యకుండా ఇంటికి తీసుకెళ్లి నెల్లాళ్లు తిట్లు తిన్నాను."

"ఎందుకు చేశావు?"

"ఎందుకంటావేమిటే? బ్రేసు కొలత తక్కువొచ్చింది. కోసినవాడి తప్పో నీ లెక్క తప్పో నాకు తెలియదు. అడిగితే నువ్వు మొహం తిప్పుకున్నావు. నీ మొహం నాకు కొత్తా? చిన్నప్పుడు ఎక్కం తప్పు చెప్పినా అలాగే తిప్పేదానివి. సరే, పిల్ల ఎక్కడో పొరపాటు పడింది, పైకి చెప్పుకోలేకపోతోంది, సంతకం కూడా పెట్టేసింది. రేపు పైనుంచి ఎవడో వచ్చి టేపు పట్టుకు కొలిస్తే నీ ఉద్యోగం ఏం గాను? అందుకే కిక్కురుమనకుండా సర్దేశాను. ఏనుగును మోసేంత గట్టిగా వేశాలే, భయపడకు."

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. ఎదురుగా వెల్డింగు రాడ్ల అట్టపెట్టె ఖాళీది పడి ఉంది. దాని మూత చింపి, ఒక కొస ఆయన చేతికిచ్చింది.

"గట్టిగా పట్టుకో. నేను ఇటు నొక్కుతాను. ఎక్కడ మడత పడిందో చూడు."

అట్ట మధ్యలో మడత పడింది. ఆమె అటూ ఇటూ నాలుగుసార్లు ఊపింది. మడత నలిగింది గానీ చేతిలోంచి ఊడలేదు. తర్వాత ఆ మడత మీద రెండు వైపులా రాడ్డుముక్కలు ఆనించి టేపు చుట్టింది. "ఇప్పుడు" అని మళ్లీ నొక్కింది. రెండో ఊపుకే ఆయన వేళ్ల దగ్గర అట్ట చిరిగింది.

చేతిలో మిగిలిన చింపిరి ముక్కను మామయ్య చాలాసేపు చూశాడు. ఆయనకు రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. ఉక్కు ఎలా వంగుతుందో ఆయన చేతులకు ఆమె పుస్తకాలకంటే ముందే తెలుసు. ఇక్కడ అది వంగాలని కోరుకున్నారన్న మాటొక్కటే ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"అయితే కావాలనే వదిలారు దాన్ని" అన్నాడు.

"కావాలనే."

"మరి ఆ రోజు నువ్వు..." అని ఆగిపోయాడు.  తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

కాసేపటికి ముసుగు పూర్తిగా తీసి కింద పెట్టాడు. "కోసేస్తాను. వేసింది నేను, తీసేదీ నేనే. మంచాలు రావడానికి ఇంకా ఇరవై ఐదు రోజులున్నాయి కదా. రెండు పూటలా కూర్చుంటే అయిపోతుంది. ఎవరికీ చెప్పే పని లేదు."

"చెప్పకుండా కుదరదు మామయ్యా. గోడలన్నీ విప్పాలి."

"చెబితే నా వెల్డింగు లైసెన్సు కార్డు పోతుంది."

"నా సంతకమూ పోతుంది."

"నీది పోకూడదనే కదే ఇంత తతంగం" అన్నాడు ఆయన, కోపంగా కూడా కాదు, లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నట్టు.

ఆ సాయంత్రం ఆమె రిపోర్టు రాస్తుంటే తల్లి పక్కనే బట్టలు మడతపెడుతూ విషయమంతా విన్నది. "నా తమ్ముడి మీద రాస్తున్నావన్నమాట" అంది. ఆమె తలెత్తలేదు. తల్లి ఇంకో రెండు చొక్కాలు మడతపెట్టింది. "రాయి. రాయకపోతే అక్కడ పడుకోబోయేవాళ్లు ఏమవుతారో నువ్వే చెబుతున్నావు కదా. కానీ నీ పేరు పైన రాసి, వాడి పేరు కింద రాయి."

ఆమె అలాగే రాసింది. మొదటి వాక్యంలోనే, కారణం చెప్పాల్సిన చోట చెప్పకపోవడం తన తప్పు అని పెట్టింది.

మూడో రోజు బిల్డింగు డిజైన్ చేసిన మేడం వచ్చింది. యాభై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, మెట్టుకో నిట్టూర్పు. ఆమె ఎవరినీ కేకలెయ్యలేదు. నాలుగు గోడలు విప్పించి చూసింది. మేనేజరు వెంట తిరుగుతూ, "ఉక్కు తక్కువైతే భయపడాలి గానీ మేడం, ఎక్కువైతే మంచిదేగా" అన్నాడు. "ఇక్కడ ఎక్కువైతేనే భయం" అంది మేడం, ఇంకేమీ వివరించకుండా. తర్వాత మేస్త్రి వైపు తిరిగి, "రెండు మూలల్లో ముక్కలు తీసి చూపించండి. మీరే తీయండి. ఈ అతుకు సంగతి మీకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు" అంది.

మామయ్య మొదటిదాన్ని ఒక్క రోజులో తీశాడు. ముక్కల్ని మంటతో కోసి, మిగిలిన బొడిపెను మిషనుతో సానపట్టి, పలకను అద్దంలా చేశాడు. ఇన్‌స్పెక్టర్ అమ్మాయి దాని మీద ఎర్ర మందు పూసి, పావుగంట ఆగి, గుడ్డతో తుడిచి, తెల్ల పొడి చల్లింది. పలకలో కంటికి కనపడని పగులు ఏదైనా ఉంటే లోపల దాగిన ఎరుపు ఆ తెలుపులోంచి పైకి వస్తుంది. ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. మొదట ఏమీ లేదు. తర్వాత వెంట్రుకలాంటి ఎర్ర గీత ఒకటి తేలింది. దాని పక్కన ఇంకోటి. ముక్క ఉన్న పొడుగునా వరసగా వచ్చాయి.

"వేడి ఎక్కువైంది" అన్నాడు మామయ్య. "మంట పెట్టకుండా ఉండాల్సింది. రెండోది సానతోనే తీస్తాను."

రెండోదానికి రెండు రోజులు పట్టింది. మంట దగ్గరికి రానివ్వలేదు. ఇంత తీసి, చెయ్యి పెట్టి వేడి చూసి, చల్లారనిచ్చి, మళ్లీ ఇంత తీశాడు. భోజనానికి పిలిస్తే వినపడనట్టు ఊరుకున్నాడు. ఆఖరికి పొడి చల్లినప్పుడు ఎర్ర గీతలు మొదటిదానికంటే తక్కువే వచ్చాయి గానీ, వచ్చాయి. పైగా సాన పట్టి పట్టి పలక అక్కడ గోరు మందం పలచబడింది.

మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఆపేద్దాం."

"ఇంకొక్కటి చూద్దాం మేడం" అన్నాడు మామయ్య. "చెయ్యి ఇప్పుడే కుదిరింది."

"మీ చేతిలో లోపం లేదు మేస్త్రీ. మీరు మరీ లోతుగా అతికారు. ఆ పగుళ్లు మీరు తీసేటప్పుడు వచ్చినవి కావు, వేసిన రోజే అడుగున పుట్టి ఉంటాయి. నాసిరకంగా అతికి ఉంటే సుత్తి దెబ్బకు ఊడి వచ్చేవి, పలక బతికేది."

మామయ్య చేతి తొడుగులు విప్పి, ఒకదానిలో ఒకటి దూర్చి, మడిచి, నిచ్చెన మెట్టు మీద పెట్టాడు.

మిగిలిన దారి పలకలు మొత్తంగా మార్చడం. అందుకు ప్రతి మూలలోనూ కాంక్రీటు పగలగొట్టాలి, దూలాల కింద ఊతాలు పెట్టాలి, ఒక అంతస్తు అయ్యేదాకా ఇంకోటి ముట్టుకోకూడదు. మేడం లెక్క వేస్తే ఏడాదిన్నర తేలింది. ఆ ఏడాదిన్నరా రోగులు పాత బ్లాకులో ఉండాలి. పాత బ్లాకు ఇటుక కట్టడం. కిందటిసారి కాస్త ఊగినందుకే మూడు గోడలు నిలువునా చీలాయి. వార్డుల్లో మంచాల మధ్యే చెక్క ఊతాలు నిలబెట్టి నడుపుతున్నారు.

మీటింగులో ఎవరూ గొంతు పెంచలేదు. పోట్లాడటానికి అవతల దుర్మార్గుడంటూ ఒకడైనా ఉండాలి. ఇక్కడ ఆ పాటి ఊరట కూడా లేదు. ఆసుపత్రి పెద్ద డాక్టరు, "ఇప్పుడు మేం మంచాలు కొత్త బ్లాకులోకి మార్చాలా వద్దా, ఒక్క మాటలో చెప్పండి" అన్నాడు.

"మార్చండి" అంది మేడం.

బయటికి వచ్చాక వరండాలో ఇన్‌స్పెక్టర్ అమ్మాయి ఆమె వెంటపడింది. "మేడం, అరవై రెండు మూలలు అలాగే వదిలేస్తే ఎలా?"

మేడం గోడకు చెయ్యి ఆనించి మోకాలు సర్దుకుంది. "పాతదాంట్లో ఉంచితే చిన్న కంపానికే పోతారమ్మా. ఇందులో పెద్దదానికి పోతారు. ఈ రెంటిలో ఏది రాయమంటావో నువ్వు చెప్పు, రాస్తాను."

 మేడం గోడ వదిలి లిఫ్టు వైపు నడిచింది.

విప్పిన రెండు మూలలకు కొత్త పలకలు వేయాలని, మిగిలినవాటిలో ఆరింటికి చిన్న తలుపులు పెట్టి నెలనెలా చూడాలని రాతపూర్వకంగా వచ్చింది. ఇన్‌స్పెక్టర్‌కు హెచ్చరిక ఉత్తరం ఒకటి ఇచ్చారు. మేస్త్రి కార్డు వెనక్కి తీసుకున్నారు. మేనేజరు అడగడానికి నీళ్లు నములుతుంటే మామయ్యే జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. కార్డు మీది ఫొటోలో ఆయనకు తల నిండా జుట్టు. "ఆ రెండు పలకలూ అతికాక ఇస్తానంటే ఊరుకుంటారా?" అని ఒక్కసారి అడిగాడు. కుదరదన్నారు. ఆ రెండూ ఆయన చేతికింద పని నేర్చిన మనిషే వేశాడు. మామయ్య నిచ్చెన కింద నిలబడి రాడ్లు అందించాడు. రాడ్లు అందించడానికి కార్డు అక్కర్లేదు. నిచ్చెన మీదున్నవాడు ఒకసారి, "మేస్త్రీ, ఇక్కడ వదిలెయ్యాలా?" అని కిందికి చూసి అడిగాడు. మామయ్య రెండు వేళ్లు ఎత్తి చూపించాడు. ఎందుకో కూడా చెప్పాడు, మొదటినుంచి చివరిదాకా, పనివాళ్లందరూ వినేటట్టు.

ఇరవై ఆరో రోజున మంచాలు వచ్చాయి. మామయ్య కంచెలు తయారుచేసే ఒక షెడ్డులో గొట్టాలు కోసే పనికి చేరాడు.

ఆదివారాలు ఆమె వాళ్లింటికి వెళ్లడం మానలేదు. అత్త ఎప్పటిలాగే కంచం పెట్టేది. మామయ్య జోకులు వేసేవాడు, నవ్వేవాళ్లు. బిల్డింగు మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తేవారు కాదు. ఒకసారి అత్త, "మీ ఇద్దరికీ ఏమైనా మాటపట్టింపు వచ్చిందా?" అని అడిగింది. "మాకా?" అన్నారిద్దరూ ఒకేసారి. ఆ తర్వాత పట్టింపు ఉన్నా బాగుండేదన్నట్టు తలొంచుకుని అన్నం తిన్నారు.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం, ఆమె మూడో అంతస్తులో చిన్న తలుపు మరలు విప్పుతుండగా, నేల ఊగింది. సెలైను స్టాండ్లు ఒకదానికొకటి తగిలి గణగణలాడాయి. నీళ్ల గ్లాసొకటి బల్ల అంచుదాకా జరిగి ఆగింది. ఎవరో పసిపాప ఏడుపు అందుకుంది. ఆమె గోడకు వీపు ఆనించి లెక్కపెట్టింది. ఎనిమిదికి ఊపు ఆగిపోయింది.

వార్డు నర్సు మంచం కమ్మీ వదిలి నడుం నిటారు చేసింది. "పాతదాంట్లో అయితే ఈపాటికి నెత్తిన సున్నం రాలేది. ఇది చూడండి, రాయిలా నిలబడింది. ఎవరు కట్టారో గానీ ఆ చేతులకు దండం పెట్టాలి." మంచాల మీద ఉన్నవాళ్లు కొందరు నవ్వారు. ఒక ముసలాయన, "అవునమ్మా, భయం లేదు ఇక్కడ" అని పక్క మంచం మనిషికి ధైర్యం చెప్పాడు.

ఇన్‌స్పెక్టర్ అమ్మాయి తలుపు తీసి టార్చి వేసింది. రెండు ముక్కలూ అలాగే ఉన్నాయి, ఎర్రరంగు ఎక్కడా చిట్లకుండా.

జేబులో ఫోను మోగింది. షెడ్డు నుంచి మామయ్య. ఆయన వెనక రంపం చప్పుడు ఆగిపోయి ఉంది.

"అక్కడే ఉన్నావా?"

"ఉన్నాను. ఏం కాలేదు. చిన్నది."

"రంగు?"

"చిట్లలేదు."

"చిట్లలేదంటే పలక మడత పడలేదన్నమాట."

"ఇంత చిన్నదానికి పడనక్కర్లేదు మామయ్యా. మొదట్లో ఉన్నట్టే వదిలేసినా ఇవాళ పడేది కాదు. దీన్నిబట్టి ఏమీ తెలియదు."

"పెద్దదైతేనే తెలుస్తుంది."

 నర్సు ఏడుస్తున్న పాపను ఎత్తుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి బయట చెట్లు చూపిస్తోంది.

"మంచాలన్నీ నిండాయా?" అన్నాడు మామయ్య.

"నిండాయి. వరండాలో కూడా వేశారు."

ఆయన ఫోను పెట్టెయ్యలేదు. ఆయన ఊపిరి ఆమెకు వినపడుతూనే ఉంది. ఫోనును చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, ఆమె తలుపు మూసి నాలుగు మరలూ బిగించింది. ఇంకా ఐదు మూలలు చూడాలి.